ఆరో వరుస సాక్ష్యం

కిరెచ్లీ ఊరి హురియె అత్తకు ఈ లోకంలో సహించరానిది ఒక్కటే: మనిషన్నవాడు వట్టి రాతి మీద కూర్చోవడం. దొంగతనాన్ని ఆమె క్షమించగలదు. అబద్ధాన్ని అర్థం చేసుకోగలదు. పక్కింటి మేక తన ద్రాక్షతీగను మొదలంటా మేసిపోతే రెండు తిట్లతో సరిపెట్టగలదు. రాతి మీద కూర్చున్న మనిషిని మాత్రం వదలదు. వయసుకు గానీ, హోదాకు గానీ, మతానికి గానీ, పౌరసత్వానికి గానీ ఆమె దగ్గర మినహాయింపు లేదు. రాజ్యాంగాలు కాగితం మీద రాసుకుని ఆచరణలో మరిచిపోయే సమానత్వాన్ని ఆ ప్రాంతంలో తుచ తప్పకుండా అమలు చేసిన వ్యక్తి ఆమె ఒక్కతే.

"లే. రాతి మీద నుంచి లే. నడుముకు చలి పడుతుంది."

ఆ మాట పూర్తయ్యేలోగా ఎక్కడి నుంచో ఒక ఉన్ని మెత్త వచ్చి కూర్చున్నవాడి కింద దూరుతుంది.

ఇలాంటి మనిషి ఏ ఇసుక పర్రలోనో పుట్టి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. నీళ్ళు చూస్తే వణికేవాణ్ణి పడవలో పుట్టించినట్టు, విధి ఆమెను కిరెచ్లీలో పుట్టించింది. ఊరి వెనక కొండ మీద ఓర్మెస్సా అనే ప్రాచీన నగరం ఉంది. చిన్న నగరమే గానీ ఆసాంతం రాయి. వీధులు రాయి, స్నానశాలలు రాయి, సమాధులు రాయి. అన్నిటినీ మించి, లోయ వైపు తిప్పి పెట్టిన చేటలాగా, నాలుగు వేల మంది కూర్చోగల నాటకశాల మొత్తం రాయి. హురియె అత్త దృష్టిలో అది నాటకశాల కాదు. నాలుగు వేల నేరాలకు ఏకకాలంలో వీలు కల్పించిన స్థలం.

రాతి మీద కూర్చుంటే ఒంట్లోకి చలి దిగుతుందనీ, ఆ చలి కడుపు పండనివ్వదనీ ఆ దేశంలో ప్రతి అమ్మమ్మా చెబుతుంది. మిగతా అమ్మమ్మలు చెప్పి ఊరుకుంటారు. హురియె అత్త అమలు చేస్తుంది.

రోజూ పొద్దున గాడిద మీద మెత్తల మోపు కట్టి కొండ ఎక్కుతుంది. పాత కోటు గుడ్డతో ఒకటి, పాత తెరతో ఒకటి, పైన కోడిపుంజు కుట్టినది ఒకటి, అన్నిటి లోపలా తన గొర్రెల ఉన్నే. నాటకశాల వాకిట్లో మోపు విప్పి, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక మెత్త ఇస్తుంది. ఒక్క లీరా డబ్బు కూడా తీసుకోదు. తిట్టనిస్తే చాలు, అదే ఆమెకు ప్రతిఫలం. టికెట్లు చింపే కాపలాదారు శాబాన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్తంభం మొదలు మీద కూర్చుని ఆమెకు దొరికిపోయాడు. కూర్చునే హక్కు ఆయనకు ఆ రోజుతో రద్దయింది.

"కాళ్ళు వాచిపోతున్నాయి, హురియె అక్కా."

"వాపు తగ్గుతుంది. చలి తగ్గదు. ఇంద, మెత్త."

"మెత్త మీద కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది."

"అయితే నిలబడు."

విదేశీయులతో ఇంకో చిక్కు. వాళ్ళకు ఈమె భాష రాదు, ఈమెకు వాళ్ళ భాష రాదు. అందుకని నాటకశాల నడిమధ్యకు వెళ్ళి అభినయంతో వివరించేది. ముందు నడుము పట్టుకుని మూలిగేది. తర్వాత రెండు చేతులూ ఉయ్యాలలా ఊపి, లేని బిడ్డను ముద్దాడి, ఆ చేతులు ఒక్కసారిగా వదిలేసి, ఆకాశం వైపు చూసి గుండెలు బాదుకునేది. ప్రాచీన విషాద నాటకంలో ఒక ఘట్టం తమ కోసం ప్రదర్శిస్తున్నారని భ్రమపడి, యాత్రికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు.

"చూశావా శాబాన్," అనేది ఆమె తృప్తిగా, "అందరూ లేచారు."

ఒకసారి జిల్లా అధికారి అక్కడ సభ పెట్టాడు. వేదిక మీద ఆయన వారసత్వ సంపద గురించి ఉపన్యసించి, చప్పట్లు అందుకుని, మొదటి వరుసలో రాతి ఆసనం మీద ఇంకా పూర్తిగా కూర్చోలేదు. హురియె అత్త సభ మధ్య నుంచి నడిచి వచ్చింది. అంగరక్షకులు ఇద్దరు అడ్డం రాబోయారు.

"మీరూ లేవండి," అంది వాళ్ళతో.

"మేము నిలబడే ఉన్నామమ్మా."

"అలాగే ఉండండి." అధికారి వైపు తిరిగి, "నాయనా, కాస్త పైకి లే. మీ అమ్మ చూడటం లేదని ఇలా చేస్తావా?"

మర్నాడు పత్రికల్లో ఆయన ఫోటో పడింది. గంభీరమైన ముఖం, నల్లటి సూటు, కింద రెండు పక్కలా రెక్కలు పైకి తేలిన కోడిపుంజు.

ఇవన్నీ చెప్పుకుని ఊరంతా నవ్వేది. నవ్వని మనిషి ఒక్కతే, ఫెరాయె. హురియె అత్తకు సొంత అన్న కూతురు. న్యాయశాస్త్రం చదివి, జిల్లా కేంద్రంలో ఆడవాళ్ళ కేసులు వాదిస్తూ, వారాంతాల్లో ఊరికి వచ్చేది. వాక్యంలో ఒక్క మాట అటూ ఇటూ అయినా ఒప్పుకోని మనిషి. పిల్లలు పుట్టలేదని భార్యలను మూటాముల్లెతో సహా గెంటేసిన కేసులు ఆమె బల్ల మీద గుట్టలుగా పడి ఉండేవి. ఒక్క కేసులోనైనా మొగుణ్ణి డాక్టరు పరీక్షించిన దాఖలా ఉండేది కాదు. పరీక్ష అక్కర్లేకుండానే, విచారణ లేకుండానే, వాదన వినకుండానే, ప్రతి ఇంట్లోనూ తీర్పు కోడలి మీదే వచ్చేది. ఆ తీర్పుల మీద కోర్టు మెట్ల దగ్గర గొంతు చించుకుని పోరాడి ఇంటికి వస్తే, సొంత మేనత్త కొండెక్కి, గర్భాలు రాళ్ళ వల్ల చెడిపోతాయని లోకానికి చాటుతూ ఉండేది. అగ్గి మీద గుగ్గిలం వేయడానికి ఇంతకంటే ఏం కావాలి.

"అత్తా, గర్భానికీ రాతికీ ఏ సంబంధమూ లేదు. వైద్యశాస్త్రం ఒప్పుకోదు."

"వైద్యశాస్త్రం ఇక్కడికొచ్చి కూర్చుందా?"

"కూర్చోలేదు."

"కూర్చోమను. ఆ తర్వాత మాట్లాడదాం."

"ఆడదాని ఒంటిని బూచిగా చూపించి భయపెడుతున్నావు నువ్వు. అది తెలుసా నీకు?"

"మగాళ్ళనూ లేపుతున్నాను గదా. నిన్నటి జర్మనీ బస్సు నిండా మగాళ్ళే. ఒక్కణ్ణీ వదల్లేదు."

అది నిజమే. మిగతా అమ్మమ్మలు ఆడపిల్లలను మాత్రమే లేపేవారు. హురియె అత్త మగవాళ్ళను ఇంకా గట్టిగా లేపేది. ఫెరాయె ఆ తేడాను గమనించింది గానీ, కోపంలో ఉన్న మనిషికి సాక్ష్యం కళ్ళెదుట ఉన్నా కేసు కనబడదు.

కిందటి చలికాలంలో ఓర్మెస్సాకు కొత్త అధికారి వచ్చాడు. పేరు ఎర్గున్, అందరూ గౌరవంగా ఎర్గున్ బే అనేవారు. తవ్వకాల శాస్త్రంలో పెద్ద చదువు చదివినవాడు, మెత్తటి మాట, పలచబడుతున్న జుట్టు. వచ్చిన మొదటి రోజే హురియె అత్త ఆయన కింద ఒక మెత్త దూర్చి, చరిత్ర పాఠం మొదలుపెట్టింది.

"ఈ నగరం ఎందుకు పాడుబడిందో తెలుసా, నాయనా?"

"భూకంపం వల్లమ్మా. ఆ తర్వాత నీటి కాలువ పూడిపోయింది."

"భూకంపం ఎవరికి రాదు? మా తాతల కాలంలో మా ఊరికీ వచ్చింది. మళ్ళీ కట్టుకున్నాం. వీళ్ళెందుకు కట్టుకోలేదు?"

"మీరే చెప్పండి."

"కట్టడానికి పిల్లలేరీ? నాలుగు వేల మంది, పొద్దున్నించి పొద్దుగూకేదాకా, వట్టి రాతి మీద కూర్చుని నాటకాలు చూశారు. ఇన్నేళ్ళుగా తవ్వుతున్నారు గదా, మీకు ఒక్క మెత్తయినా దొరికిందా?"

"మెత్తలు మట్టిలో చివికిపోతాయమ్మా."

"దొరకలేదు గదా."

"దొరకలేదు."

"నేనూ అదే చెబుతున్నా."

ఎర్గున్ బే మొదట నవ్వాడు. వసంతం వచ్చి యాత్రికులు పెరిగాక నవ్వడం మానేశాడు. ఎవరో ఫిర్యాదు చేశారు: ప్రాచీన నాటకశాలలో ప్రాచీనుల్లా కూర్చుందామని అంత దూరం నుంచి వస్తే, ఒక ముసలమ్మ కోడిపుంజు మీద కూర్చోబెట్టిందట. పైఅధికారులు సంజాయిషీ అడిగారు. శాస్త్రం తెలిసిన మనిషి ఏలుబడిలో మూఢనమ్మకం గుమ్మంలో నిలబడి మెత్తలు పంచుతోందన్న మాట ఆయనకు గుచ్చుకుంది. వచ్చే శుక్రవారం నుంచి హురియె అత్తకు ఓర్మెస్సాలో ప్రవేశం లేదని శాబాన్‌తో చెప్పించాడు.

ఆ కబురు విని ఫెరాయె జిల్లా కేంద్రం నుంచి తిన్నగా ఆయన గదికే వచ్చింది. తలుపు తట్టింది గానీ, రమ్మనేదాకా ఆగలేదు.

"ఆమెకు ముందుగా తెలియజేశారా? ఆమె వాదన విన్నారా? ఏ నిబంధన కింద ఈ ఉత్తర్వు?"

ఎర్గున్ బే టీ గ్లాసును సాసరులో పెట్టబోయి బల్ల మీద పెట్టేశాడు. "మీరు చదువుకున్నవారు. మీ అత్తగారి నమ్మకాన్ని మీరూ సమర్థిస్తారా?"

"లేదు. ఆ నమ్మకమంటే నాకు ఒళ్ళు మంట. కానీ నాకు ఒళ్ళు మండిందని, మీకు నచ్చలేదని, ఒక మనిషిని తాను పుట్టి పెరిగిన కొండ నుంచి వెలివేసే అధికారం మీకు లేదు. ఆ నమ్మకం మీద చేసే యుద్ధం నాది. అందులో మీరు గేటు వేయనక్కర్లేదు."

వాదన చాలాసేపు సాగింది. చివరికి, చెప్పుకోవాలంటే ఫెరాయె వృత్తి జీవితంలోనే చక్కటి రాజీ ఒకటి కుదిరింది. మెత్తలు ఉంచుకోవచ్చు. గాడిదను తెచ్చుకోవచ్చు. కోరినవాళ్ళకు మెత్త ఇవ్వవచ్చు. షరతు ఒక్కటే. శుక్రవారం ప్రార్థన ముగిశాక, ఊరిపెద్ద జెలాల్ గది మీదున్న లౌడ్‌స్పీకరులో హురియె అత్త తన నోటితో ఒక మాట చెప్పాలి: రాతి మీద కూర్చోవడం వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు, ఎవరికీ పిల్లలు పుట్టకుండా పోలేదు. చెప్పకపోతే గేటు మూతే.

ఆ షరతు ఎంత బరువైనదో కిరెచ్లీలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఆ ఊళ్ళో నిజమంటే లౌడ్‌స్పీకరులో వచ్చిందే. నీళ్ళు ఆగినా, ఆవు తప్పిపోయినా, మనిషి పోయినా, ఆ గరాటా నుంచి వినబడితేనే జరిగినట్టు. కిందటేడు జెలాల్ పొరపాటున బతికున్న ఒక ముసలాయన పోయాడని ప్రకటిస్తే, ఆయన సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి తాను బతికే ఉన్నానని చెప్పుకున్నాడు. సగం మంది నమ్మలేదు.

ఫెరాయె గెలిచిన ఉత్సాహంతో ఇంటికి వచ్చి రాజీ వినిపించింది. హురియె అత్త టీ పోస్తూ విన్నది.

"చెప్పను," అంది.

"మెత్తలు నీవే, అత్తా. గాడిద కూడా రావచ్చు."

"అరవద్దంటే అరవను. గాడిదను కింద కట్టేయమంటే కట్టేస్తా. ఆ ఒక్క మాట నా నోటి వెంట రాదు."

"చెప్పకపోతే ఇక కొండ ఎక్కలేవు. ఆ సంగతి అర్థమైందా?"

"ఆ కొండ ఎక్కకపోతే నాకు తెల్లారదు. నాకు తెలియదూ?"

"మరి?"

"టీ చల్లారిపోతోంది. తాగు."

ఫెరాయె తాగలేదు. ఒక అబద్ధం కోసం, శాస్త్రానికి నిలవని, చట్టానికి నిలవని, ఆడవాళ్ళకు మేలు చేయని ఒక పాత అబద్ధం కోసం, ఈ మనిషి తన జీవితాన్నే గేటు బయట పారేసుకుంటోంది. మొండితనానికి శిక్ష ఉండి ఉంటే ఆ రోజు సొంత మేనత్త మీద ఫెరాయె స్వయంగా కేసు పెట్టేదే.

గురువారం పొద్దున ఆఖరి ప్రయత్నంగా తానే కొండ ఎక్కింది. దారి పొడవునా వాదనలు వరస పేర్చుకుంటూ, ప్రతి వాదనకూ అత్త ఏమంటుందో దానికి ప్రతివాదన తయారు చేసుకుంటూ వచ్చి, నాటకశాల అంచున నిలబడి కిందికి చూసింది. వాదనలన్నీ ఒక్కసారిగా గాలికి పోయాయి.

హురియె అత్త ఆరో వరుసలో కూర్చుని ఉంది. మెత్తల మోపు ఎక్కడో వాకిట్లో ఉంది. కింద వట్టి రాయి. మేజోళ్ళు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్ళు కింది వరుస మీదికి బారజాపి, మడమలు ఎండకు పెట్టి, పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు చేతిగుడ్డలో పోస్తోంది. ఆ కూర్చున్న తీరు చూస్తే ఆ రాయి ఆమె కొలతకే చెక్కినట్టుంది.

"అత్తా."

ఆమె ఉలిక్కిపడలేదు. "ఏం."

"రాతి మీద కూర్చున్నావు."

"ఎండాకాలం చల్లగా ఉంటుంది."

"ఎప్పటి నుంచి కూర్చుంటున్నావు?"

"నువ్వు పుట్టకముందు నుంచి. మనుషులు రాకముందు ఈ కాసేపు నాది."

మోసం, వంచన, తప్పుడు ప్రచారం, ఒక్కో నేరానికీ ఉన్న ఒక్కో పేరూ ఫెరాయె నాలుక మీద క్యూ కట్టాయి. మొదటిది బయటికి వచ్చేలోగా గేటు దగ్గర ఆడవాళ్ళ గొంతులు వినబడ్డాయి.

"మేజోళ్ళు అందుకో, తొందరగా," అంది హురియె అత్త. బూరుగు మొద్దులా కూర్చున్న మనిషి సిపాయిలా లేచి, మేజోళ్ళు తొడుక్కుని, ఒక్కో చేతిలో ఒక్కో మెత్తతో వాకిట్లో నిలబడింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ముందు నడుస్తున్నది పెరిహాన్ హానిం, అంటే పెరిహాన్ అమ్మగారు, ఎర్గున్ బే తల్లి. కొడుకు కొత్త ఉద్యోగం చూడటానికి నగరం నుంచి ముందు రోజే దిగింది. వెనక వస్తున్నది ఆయన భార్య అయ్‌లిన్. రెండు సంచులూ, గొడుగూ, అత్తగారి కోటూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

"తొందరగా నడువు," అంటోంది పెరిహాన్ హానిం. "ఒట్టి మనిషివి గదా. నీ ఈడువాళ్ళు చంకలో ఒకణ్ణి, వేలికొకణ్ణి పట్టుకుని కూడా కొండలెక్కుతారు."

అయ్‌లిన్ ఏమీ అనలేదు. ఆరేళ్ళుగా ఏమీ అనని మనిషి ముఖం అది. ఆ మౌనాన్ని కోర్టు వరండాల్లో ఫెరాయె బాగా ఎరుగును, చూడగానే గుర్తుపట్టింది. రెండు వేల ఏళ్ళనాటి శాసనంలో అరిగిపోయిన అక్షరాన్ని చదవగల ఎర్గున్ బేకు, తన ఇంట్లో ఇన్నేళ్ళుగా పలుకుతున్న ఈ మాట చెవిన పడలేదా? పడే ఉంటుంది. పడినా పడనట్టు ఉండటంలో చదువుకున్న మగవాళ్ళను మించినవాళ్ళు లేరు. ఆ నేరానికి చట్టంలో సెక్షను లేకపోవడం చట్టం రాసినవాళ్ళ నేరం.

పెరిహాన్ హానిం ఆయాసపడుతూ ఒక ఆసనం మీద కూర్చోబోయింది.

"రాతి మీద వద్దు, వదినగారూ," అంది హురియె అత్త. "నడుముకు చలి."

"నాకింక నష్టమేముందమ్మా? నా కాలం అయిపోయింది. నష్టపోవలసినవాళ్ళు కూర్చోకుండానే నష్టపోయారు." అంటూ కోడలి వైపు చూసింది.

హురియె అత్త ఆ చూపును మధ్యలోనే పట్టుకుంది. వీళ్ళెవరో తెలియనట్టు ముఖం పెట్టింది. తెలియకపోవడానికి వీల్లేదు. కిరెచ్లీలో కొత్తవాళ్ళు దిగితే, వాళ్ళ సంచుల్లో ఏముందో కూడా సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోతుంది.

"మీ అబ్బాయి ఏం చేస్తుంటాడు, వదినగారూ?"

"ఇక్కడి పెద్ద అధికారి మా వాడే. ఎర్గున్."

హురియె అత్త చేతిలోని మెత్త మెల్లగా కిందికి దిగింది. "ఎర్గున్ బాబేనా? చదువుకునే రోజుల్లో తవ్వకాలకు వచ్చేవాడు, సన్నగా, నెత్తి నిండా జుట్టు?"

"ఆ రోజుల్లో ఎక్కడెక్కడికో వెళ్ళేవాడు. ఊళ్ళ పేర్లు నాకు గుర్తుండవు. జుట్టు మాత్రం ఒత్తుగానే ఉండేది."

"వాడే. అయ్యో వదినగారూ. ఆరో వరుస." చెయ్యెత్తి చూపించింది. "ఆ పగులు పక్కన. మెత్త ఇస్తే వద్దనేవాడు. నాకేం కాదులే అత్తా అనేవాడు. రోజల్లా అక్కడే కూర్చుని బొమ్మలు గీసేవాడు. మార్చి నెల. వాన కురిసి రాయి తడిసి ఉన్నా లేచేవాడు కాదు. మొత్తుకున్నాను. ఎవరు విన్నారు?"

పెరిహాన్ హానిం ముఖం తెల్లబోయింది. "మార్చిలోనా?"

"మార్చిలో. ఆ చలి ఎముకల్లోకి దిగితే ఊరికే పోతుందా? పాపం ఈ పిల్లనేమన్నా ప్రయోజనమేముంది? పొలంలో విత్తు చల్లనివాడు పొలాన్ని తిట్టినట్టు. మీ వాణ్ణి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ఒక్కరికే చూపిస్తే ఈ చలి తగ్గదు."

అయ్‌లిన్ తలెత్తి హురియె అత్తను చూసింది. హురియె అత్త ఆమె చేతిలోంచి సంచులు, గొడుగు, కోటు తీసుకుని ఒక్కొక్కటిగా పెరిహాన్ హానిం ఒడిలో పెట్టింది. "మీరు కాస్త ఇవి పట్టుకోండి, వదినగారూ. పిల్ల కూర్చుంటుంది." కోడిపుంజు మెత్త అయ్‌లిన్ కిందికి వెళ్ళింది.

వాళ్ళిద్దరూ దిగిపోయాక ఫెరాయె అత్త ఎదుట నిలబడింది.

"ఎర్గున్ బే ఈ కొండ మొదటిసారి చూసింది కిందటి చలికాలంలో."

"అయితే?"

"అది అబద్ధ సాక్ష్యం, అత్తా."

"ఇక్కడ కోర్టు ఎక్కడుంది?" హురియె అత్త మళ్ళీ ఆరో వరుసకు వెళ్ళి, మళ్ళీ వట్టి రాతి మీదే కూర్చుంది. "గుల్సెరెన్ తెలుసు గదా నీకు. బస్సులు ఆగేచోట రొట్టెలు కాలుస్తుంది."

"తెలుసు."

"పెళ్ళయిన కొన్నేళ్ళకు దాని అత్త బట్టలు మూట కట్టి గుమ్మంలో పెట్టింది. నేను వెళ్ళి, నీ కొడుకు చిన్నప్పుడు మేకలు కాస్తూ ఆరో వరుసలో పడి నిద్రపోయేవాడు, నా కళ్ళతో చూశానన్నాను. మూట లోపలికి పోయింది."

"తర్వాత పిల్లలు పుట్టారా?"

"పుట్టలేదు. పుట్టకపోతేనేం? అది రొట్టెలు కాలుస్తుంది, మొగుడు పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాడు. మూట మాత్రం మళ్ళీ బయటికి రాలేదు." గింజ కొరికి పొట్టు ఊసింది. "నువ్వు లాయరువి. నీకు నేను చెప్పాలా? నేరం జరిగిందని ఇంటిల్లిపాదీ పట్టుబట్టినప్పుడు నేరస్తుడు కావాలి. దొరక్కపోతే కోడలు చేతికందుతుంది. నేను రాయిని పట్టిచ్చాను. రాతికి అత్తగారు లేరు. రాయిని మూట కట్టి పుట్టింటికి పంపలేరు."

"అసలది నేరమే కాదని చెప్పాలి, అత్తా. అది నిజం."

"నువ్వు చెబుతూనే ఉన్నావు గదా, కోర్టులో. ఎంతమంది అత్తలు విన్నారు?"

ఫెరాయెకు కోపం ఉంది. అయితే ఆ కోపం ఎవరి మీదన్నది మాత్రం మారింది. మెల్లగా అడిగింది. "నిన్ను పంపేసినప్పుడు?"

హురియె అత్త పెళ్ళయి, తిరిగి వచ్చి, అన్న ఇంట్లో ఉండిపోయిన మనిషి. ఎందుకు తిరిగి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

"అప్పుడు ఈ రాయి సంగతి ఎవరికీ తట్టలేదు," అంది ఆమె. "నాకూ తట్టలేదు. తిరిగొచ్చాక ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే తట్టింది. ఇంద, గింజలు తిను." పొట్టు చేతిగుడ్డలో పోసి, "రేపు ఆ గరాటాలో రాతి వల్ల ఎవరికీ ఏమీ కాలేదని నేను అంటే, సాయంత్రానికి ఊళ్ళో అత్తలంతా మళ్ళీ నేరస్తుణ్ణి వెతకడం మొదలెడతారు. గేటు మూస్తే మూయనీ."

ఫెరాయె గింజలు తీసుకుంది. అటూ ఇటూ చూసి, ఆమె పక్కనే వట్టి రాతి మీద కూర్చుంది. నిజంగానే చల్లగా ఉంది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక ఊరంతా టీ దుకాణం ముందు చేరింది. జెలాల్ యంత్రం పెట్టి, మైకు మీద వేలితో కొట్టి, "హలో, హలో, ఆవు సంగతి కాదు, ఇది వేరే," అని ప్రకటించాడు. ఎర్గున్ బే మైకు పక్కన నిలబడ్డాడు. గుల్సెరెన్ రొట్టెల పెనం కింద మంట తగ్గించి వచ్చి వెనక వరుసలో నిలబడింది. ఆమె చేతులు పిండితో తెల్లగా ఉన్నాయి. గుల్సెరెన్ ఒక్కతే కాదు, ఆ వెనక వరుసలో అలాంటి ఆడవాళ్ళు ఇంకా ఉన్నారని ఫెరాయెకు ఇప్పుడు కనబడింది.

హురియె అత్త మైకు దగ్గరకు వచ్చి నోరు గట్టిగా మూసుకుని నిలబడింది.

"చెప్పండమ్మా," అన్నాడు ఎర్గున్ బే. మైకు తెరిచే ఉంది గనక ఆ మాట కొండకు తగిలి తిరిగి వచ్చింది.

"ఏం చెప్పాలట?" అని గుంపులోంచి పెరిహాన్ హానిం అడిగింది.

ఫెరాయె లాయరు గొంతుతో, ప్రతి మాటా విడివిడిగా వినబడేట్టు చదివినట్టు చెప్పింది. "రాతి మీద కూర్చోవడం వల్ల ఎవరికీ పిల్లలు పుట్టకుండా పోలేదని. ఈ షరతు పెట్టింది మీ అబ్బాయిగారే."

పెరిహాన్ హానిం జనాన్ని తోసుకుంటూ కొడుకు ఎదుటికి వచ్చింది. "అంటే నువ్వు కూర్చోలేదా? రాత్రంతా నాకు నిద్ర లేదు. అడుగుదామంటే నోరు రాలేదు. ఇప్పుడు అందరి ముందూ చెప్పు, ఎర్గున్. ఆ ఆరో వరుసలో, మార్చి నెలలో, తడిసిన రాతి మీద నువ్వు కూర్చున్నావా, లేదా? కూర్చోకపోతే చెప్పు. తప్పెవరిదో నాకు తెలుసు."

ఎర్గున్ బే ఏదో అనబోయి ఆగాడు. తల్లి వేలు ఎవరి వైపు తిరిగి ఉందో చూశాడు. ఆ వేలి చివర అయ్‌లిన్ నిలబడి ఉంది. ఆ పొద్దున, పెళ్ళయ్యాక మొదటిసారిగా, టీ దగ్గర తన భార్య ఏదో చెబుతూ నవ్విందనీ, తల్లి ఆమెకు జున్ను వడ్డించిందనీ, ఎందుకో అర్థం కాక తాను ఆశ్చర్యపోయాననీ ఆయనకు గుర్తు వచ్చి ఉండాలి. ఆయన హురియె అత్త వైపు తిరిగాడు. ఆమె ఆకాశంలో కాకులను చూస్తోంది.

పెద్ద చదువు చదివిన మనిషి గొంతు సవరించుకున్నాడు. అదీ కొండకు తగిలి వచ్చింది.

"కూర్చున్నానమ్మా," అన్నాడు. "ఆరో వరుసలోనే. అత్త మెత్త ఇచ్చింది. నేనే వద్దన్నాను."

"వాన?"

"వానలో కూడా."

లౌడ్‌స్పీకరులో వచ్చింది గనక అది జరిగినట్టే. ఊరంతా తలలూపింది. ఆ రోజుల్లో ఎర్గున్ బాబు తడిసి ముద్దయి కొండ దిగడం తనకు బాగా గుర్తుందని జెలాల్ వెంటనే సాక్ష్యం కలిపాడు. వెనక వరుసలో గుల్సెరెన్ చేతులు దులుపుకుని పెనం దగ్గరకు వెళ్ళిపోయింది.

"షరతు పెట్టినవారే షరతుకు విరుద్ధంగా సాక్ష్యమిచ్చారు గనక, షరతు రద్దయినట్టు," అంది ఫెరాయె. "గేటు సంగతి చెప్పండి."

"గేటు తెరిచే ఉంటుంది," అన్నాడు ఎర్గున్ బే. ఆ తర్వాత, పరువు కోసం కాబోలు, "ఈ విషయం మీద మరింత పరిశోధన అవసరం," అని చేర్చాడు.

పెరిహాన్ హానిం కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని మరుసటి వారమే పట్నం ఆసుపత్రికి ప్రయాణమైంది. సంచులు ఈసారి ఎర్గున్ బే మోశాడు. ఇప్పుడు ఆయన గదిలో కుర్చీ మీద ఒక ఉన్ని మెత్త ఉంటుంది. తల్లి ఫోనులో ముఖం చూస్తూ మాట్లాడినప్పుడల్లా, ముందు లేచి, దాన్ని కెమెరాకు చూపించి, ఆ తర్వాత కూర్చుంటాడు. శాబాన్ మాత్రం నిలబడే ఉన్నాడు. ఆయన అప్పీలు ఇంకా విచారణలో ఉంది.

వేసవి చివర్లో ఒక రోజు ఫెరాయె ఒక కేసు ముగించుకుని జిల్లా కోర్టు మెట్లు దిగుతోంది. అవి పాలరాతి మెట్లు. మధ్య మెట్టు మీద ఒక పెద్దావిడ చతికిలబడి, పక్కన నిలబడ్డ పల్చటి పిల్లను నలుగురూ వినేట్టు దులుపుతోంది. మూడేళ్ళయిందట, నాలుగో ఏడు వచ్చిందట, ఇంక ఓపిక లేదట. ఆ పిల్ల కాళ్ళ దగ్గర ఒక మూట ఉంది.

ఒక్క మాట అటూ ఇటూ అయినా ఒప్పుకోని ఫెరాయె రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి ఎక్కింది.

"లేవండి పెద్దమ్మా," అంది. "రాతి మీద నుంచి లేవండి." ఫైళ్ళ సంచిలోంచి అత్త ఇచ్చిన కోడిపుంజు మెత్త తీసి ఆమె కిందికి తోసింది. "మీ అబ్బాయి ఎప్పుడైనా ఓర్మెస్సాకు వెళ్ళాడా?"

"చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళినట్టున్నారు. ఎందుకమ్మా?"

ఫెరాయె ఆ మూటను ఎత్తి పెద్దావిడ ఒడిలో పెట్టింది.

"ఆరో వరుస," అంది. "నా కళ్ళతో చూశాను."